ట్రైలరు వాటా

తీర్పులో బోటు హాల్డర్‌కి పోయింది,
ట్రైలరు సోల్‌రూన్‌కి వచ్చింది.
జడ్జిగారికి చేపలు పట్టడం రాదని
గిమ్లీలో వారం రోజులు నవ్వుకున్నారు.
మూడు చలికాలాలు అది
మా కంచె పక్కన
వీపు మీద మంచు తప్ప మరో బరువు లేకుండా
నిలబడిపోయింది.

మొన్న రివర్టన్ నుంచి తనే ఒక బోటు కొనుక్కొచ్చింది.
పదహారడుగుల అల్యూమినియం. సొట్టలున్నాయి, చిల్లులు లేవు.
అరువు బండి మీద తెచ్చి దుంగల మీద దించి
కంచె మీదుగా కేకేసింది:
"పదిహేడో నంబరు స్పానరుందా?"

ఉంది.
దాంతోపాటు నేనూ వెళ్లాను.
చేపల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లు మరలకి కాపలా కాసి
ఇప్పుడు రోజుకి రెండుసార్లు పోస్టుడబ్బా తెరిచి చూసుకునే వాణ్ణి,
పిలిస్తే చాలు.

ట్రైలరు ఇంకా ఆ పాత బోటునే మోస్తోంది.
ఆనుపలకల మీది తివాచీ దాని పొట్ట పోలికలో అరిగింది.
కొత్తదాన్ని ఎక్కిస్తే
ఒక పక్కకి ఒరిగి కూచుంది,
పరాయివాళ్ల చెప్పులేసుకుని పెళ్లికొచ్చిన మనిషిలా.
"తప్పు బోటుది కాదు" అన్నాను.
"తెలుసు" అంది, బోల్టు మీంచి కళ్లు తిప్పకుండా.

యూ బోల్టులు ఎనిమిది.
ఏడు నూనె తాగి లొంగాయి.
ఎనిమిదోది మొండికేసింది.
సుత్తి అయింది, మంట అయింది,
వాళ్ల ముత్తవ్వ ఐస్‌లాండ్ నుంచి ఓడలో తెచ్చుకున్న
ఒక తిట్టు కూడా అయింది.
ఆఖరికి రంపం పెట్టాం.

తివాచీ ఊడదీస్తే ఎడమ పలక మీద
పెన్సిలు గీత, బాణం గుర్తు,
హాల్డర్ చేతిరాత:
'సోల్, ఇక్కడిదాకా లాగు.'
నేను స్పానరు తుడుచుకుంటూ ఉండిపోయాను,
తుడవడానికేమీ లేకపోయినా.
ఆమె పలకని తట్టి చూసింది.
పుచ్చలేదు.
తిరగేసి బిగించింది.

పలకల్ని రెండంగుళాలు దగ్గరికి జరిపాం.
వించి స్తంభాన్ని అరడుగు వెనక్కి.
మోటారుండే కొస
పలకల చివర సమంగా ఆనాలి కదా,
గాల్లో వేలాడితే నడుం విరుగుతుంది దానికి.
బాత్రూములోని బరువు మిషను తెచ్చి
ట్రైలరు ముక్కు కింద పెట్టింది.
అరవై రెండు పౌన్లు.
ముక్కు తేలికైతే తోక ఊగుతుంది, రోడ్డు మీద ప్రాణం తీస్తుంది.
ఇరుసు మొత్తం విప్పి నాలుగంగుళాలు వెనక్కి నెట్టాం.
నూట పద్దెనిమిది.
"నా పెళ్లినాటి బరువు" అని
ఆ రోజంతటికీ మొదటిసారి నవ్వింది.

బేరింగుల్లో పాత కందెన పాలు కలిపిన టీలా ఉంది,
నీళ్లు దూరాయి.
కొత్తది అరచేతిలో వేసుకుని
గోళీగోళీకీ మధ్య మెత్తింది, మోచేతుల దాకా నీలం.
గొలుసులు హిచ్ కింద అడ్డంగా వేశాం,
జారితే ఊయల్లా పట్టుకోడానికి.
వెనక పట్టీలు రెండు లాగి
వేలితో మీటితే 'టంగ్' మంది.

సరస్సు మీద ఇంకా మంచు గడ్డ, ఒడ్డున మాత్రమే నల్లటి నీటి చార.
అయినా ఆర్నెస్ దాకా లాక్కెళ్లాం, ఊరికే.
రోడ్డు పక్కన ఆపి
మునివేళ్లు మడిచి చక్రం నడిబొడ్డు తాకింది,
పసివాడి నుదురు చూసినట్టు.
ఎడమది గోరువెచ్చన. కుడిదీ అంతే.

నిన్న హాల్డర్ ఫోన్ చేశాడు నాకు.
ఒక్కరోజు ట్రైలరు ఇస్తుందేమో కనుక్కోమని,
మూడేళ్లుగా బోటు ఇటుకల మీదే ఉందని.
సోల్‌రూన్‌ని అడగలేదు.
"నీ బోటుకి సరిపోదిప్పుడు" అన్నాను.
అవతల కాసేపు గాలి చప్పుడు.

యాభై మైళ్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ బిగించాలి,
మొదటి బిగింపు ఎప్పుడూ కాస్త సడలుతుంది.
అందుకే స్పానరు తన దగ్గరే ఉంచమన్నాను.